దసరాను తట్టుకునే రిలే

ఇక్కడ మిక్సీలు బాగుచేయబడవని ఎంత పెద్ద అక్షరాలతో రాసిపెట్టినా, మహబూబ్‌నగర్‌లో గ్లోరీ షాపుకు మిక్సీలు రావడం ఆగలేదు. షట్టరు పైన ‘గ్లోరీ కంట్రోల్ ప్యానెల్స్’ అని నీలం రంగు బోర్డు ఉంది. కంట్రోల్ ప్యానెల్ అంటే ఏమిటో తెలియకపోయినా, ఇది కరెంటుకు సంబంధించిన దుకాణమని జనం పసిగట్టారు. మిక్సీలు తెచ్చారు, ఇస్త్రీపెట్టెలు తెచ్చారు, ఒకసారి ఎవరో పెళ్లివాళ్లు చిక్కుపడిన సీరియల్ లైట్ల మూట తెచ్చి బల్ల మీద పడేశారు. ‘‘ఇది నా పని కాదక్కా’’ అంటూనే గ్లోరీ స్క్రూడ్రైవర్ అందుకునేది. మొహం మీద కాదనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ రాదు. ఆ గుణమే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆమె అసలు పని వేరు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఇనుప బీరువాలను తయారుచేయడం. వాటినే ప్యానెల్ బోర్డులు అంటారు. తలుపు తీస్తే లోపల రంగురంగుల వైర్లు, వాటి మధ్య వరసగా రిలేలు. రిలే అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక తీగచుట్ట, దాని పక్కన కదిలే చిన్న రేకు. చుట్టలోకి పిసరంత కరెంటు వస్తే అది అయస్కాంతమై రేకును లాగుతుంది. రేకు పోయి అవతలి మొనకు తగిలి టక్‌మంటుంది, ఆ దారిలో ఇంకో కరెంటు నడుస్తుంది. ఈ టక్ అనే చప్పుడంటే గ్లోరీకి ప్రాణం. వంద రిలేలు ఒకేసారి పలికినా, అందులో పలకని ఒక్కదాన్ని చెవితో పట్టుకోగలదు.

ఆ ప్రాణం ఎక్కడి నుంచి వచ్చిందంటే నాయిన కురుమయ్య దగ్గర మొదలుపెట్టాలి. దేవరకద్ర దగ్గరి పల్లె ఆయనది. కరెంటు స్తంభాలకు గుంతలు తవ్వే కూలి. ఊరూరికీ కరెంటు పోయే దారిలో గుంతలు ఆయనే తవ్వాడు, ఆయన ఇంటికి మాత్రం కరెంటు అందరి తర్వాత వచ్చింది. వచ్చిన రోజున తల్లి ఈదమ్మ బల్బు కింద నిలబడి నవ్వు ఆపుకోలేకపోయిందట. పదేళ్ల గ్లోరీ మాత్రం స్విచ్చును వేసింది, తీసింది, వేసింది, తీసింది. ‘‘పిల్ల బల్బు మాడగొడుతది’’ అని ఈదమ్మ అరిచేదాకా ఆపలేదు. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు, ఆ తర్వాత హైదరాబాద్ బాలానగర్‌లో ఒక ప్యానెల్ కంపెనీలో ఏడేళ్లు. అక్కడి ఫోర్‌మన్ భిక్షపతి ఆమెకు పని నేర్పాడు. ‘‘రిలే కొనేటప్పుడు ఎంత కరెంటు మోస్తదని అందరు అడుగుతరు. ఎంత తక్కువ కరెంటుకు పలుకుతదని ఒక్కడు అడగడు. నువ్వు అడుగు బిడ్డా’’ అనేవాడు.

సొంత జిల్లాకు తిరిగొచ్చి షాపు పెట్టాక గ్లోరీకి తోడు దొరికింది నాగరాణి. నలభై దాటిన మనిషి, అంతకుముందు బట్టలు కుట్టేది. రవికె చేతికి మడత ఎంత నీటుగా వేస్తుందో, ప్యానెల్లో వైర్లను అంత నీటుగా వంచుతుంది. నోరు మాత్రం అంత నీటు కాదు. షాపుకు మిక్సీ తెచ్చినవాళ్లను ఆమె చూసుకుంటానంటే, గ్లోరీ భయపడి తానే లేచేది.

ఇలా బోరు మోటార్ల స్టార్టర్లతో, మిక్సీలతో కాలం వెళ్లదీస్తుండగా రెండువేల ఇరవైరెండు వానాకాలంలో ఆత్మకూర్ నుంచి మల్లప్ప వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆయన తాతతండ్రులు గొర్రెలు కాసినవాళ్లు. మల్లప్ప కూడా ఇరవై ఏళ్లు మంద వెనక నడిచి, తర్వాత గొర్రెల వ్యాపారం చేసి, చివరికి ఆత్మకూర్ బయట రైసు మిల్లు పెట్టాడు. మిల్లుకు కొత్త ప్యానెల్ కావాలి. ఒక మిల్లు మొత్తం గ్లోరీ చేతికి రావడం అదే మొదటిసారి. పైగా మల్లప్ప మిల్లు పక్కనే పరశురాములు అనే ఇంకో ఆసామి మిల్లుంది. ‘‘నీది మంచిగ నడిస్తె నేను గూడ మారుస్త’’ అని ఆయన మల్లప్పతో అన్నాడట. అంటే ఈ ఒక్క పని నిలబడితే గ్లోరీ షాపు నిలబడుతుంది. లేదంటే మిక్సీలే గతి.

గ్లోరీ బల్ల మీద రెండు రకాల రిలేలు పెట్టింది. ఒకటి అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. అద్దంలా కనపడే మూతలో మూసేసి ఉంటుంది, దుమ్ము దూరదు. లోపల ఒకదానికొకటి తగిలే మొనలకు బంగారు పూత ఉంటుంది. రెండోది పిడికిలంత. మూత లేదు, లావుపాటి మొనలు, రాగి చుట్ట అన్నీ బయటికే కనిపిస్తాయి.

మల్లప్ప సంతలో గొర్రె నడుం మీద చెయ్యి వేసి, ఎన్ని కిలోల మాంసం పడుతుందో చెప్పగల మనిషి. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదని ఆయనకు గర్వం. రెండు రిలేలనూ అదే అలవాటుతో అరచేతుల్లో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశాడు.

‘‘గిదేంది గ్లోరమ్మా, చింతగింజ లెక్కున్నది! నా మిల్లంత గీ గింజ మీద నడుస్తదా? గిది జూడు, చేతిల పట్టుకుంటెనే తెలుస్తాంది. గిదే పెట్టు.’’

గ్లోరీకి సమాధానం తెలుసు. ఈ ప్యానెల్లో పదకొండు రిలేలు చేయాల్సింది మోటార్లను లాగే పని కాదు, కబురు మోసే పని. వడ్ల పొట్టు తీసే షెల్లర్ తిరుగుతోందా, వడ్లు నిలవుండే గుమ్మి నిండిందా, బియ్యానికి మెరుగుపెట్టే పాలిషర్ ఆగిందా అనే కబురును అవి మిల్లును నడిపించే పెట్టెకు చేరవేయాలి. ఆ కబురు నడిచేది పిసరంత కరెంటు మీద. ఎక్కువ కరెంటైతే తగిలిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేచి మొనల మీది మురికిని కాల్చేస్తుంది. తక్కువ కరెంటుకు ఆ బలం లేదు. మొనల మీద కాస్త దుమ్ము చేరినా కబురు అక్కడే ఆగిపోతుంది, కబురు అందకపోతే పెట్టె మోటారును ఆపేస్తుంది. అందుకే ఇక్కడికి కావాల్సింది ఆ చింతగింజే.

చెప్పాలనుకుని నోరు తెరిచింది. మల్లప్ప మొహం చూసింది. ఆయన లేచి వెళ్లిపోతాడేమోననిపించింది.

‘‘సరే సేటూ, పెద్దదే పెడత’’ అంది.

ఆయన వెళ్లాక నాగరాణి, ‘‘చిన్నవి డబ్బడు తెప్పిచ్చి పెట్టుకుంటివి గద, గవ్వి ఏం చేస్తవు, కమ్మలు చేపిచ్చుకుంటవా?’’ అంది.

ప్యానెల్ తయారైంది, మిల్లులో నిలబెట్టారు. మొదటిసారి నడిపే రోజున కురుమయ్య తెల్లచొక్కా వేసుకుని ఆత్మకూర్ బస్సెక్కి మరీ వచ్చాడు. పచ్చ బటన్ నాయినే నొక్కాలని గ్లోరీ పట్టుబట్టింది.

‘‘షాక్ కొడుతదా బిడ్డా?’’

‘‘కొట్టదు నాయినా. నొక్కు.’’

జీవితమంతా కరెంటు కోసం మట్టి తవ్విన మనిషి మొదట వేలును పంచెకు తుడుచుకుని, తర్వాత బటన్ నొక్కాడు. వడ్లను పైకెత్తే ఎలివేటర్ కదిలింది, షెల్లర్ తిరిగింది, మిల్లంతా ఒక్కసారి గర్జించింది. కురుమయ్య రెండడుగులు వెనక్కి దూకి, తనను చూసి తానే పగలబడి నవ్వాడు. ఆ మధ్యాహ్నం గ్లోరీ ఎంత సంతోషపడిందంటే, చిన్న రిలేల సంగతి పూర్తిగా మరిచిపోయింది.

దసరా వెళ్లింది. కోతలు మొదలయ్యాయి. వడ్ల లారీలు మిల్లు ముందు వరస కట్టిన మూడో రోజున ఫోను మోగింది.

‘‘గ్లోరమ్మా, ఏం బోర్డు పెట్టినవు నువ్వు?’’ మల్లప్ప గొంతు మిల్లు చప్పుడును మించి వినిపించింది. ‘‘పది నిమిషాలకోపారి ఎలివేటర్ ఆగుతాంది. మోటార్ మంచిగనే ఉన్నది, అన్ని మంచిగనే ఉన్నయి, గది మాత్రం ఆగుతాంది. పరశురాములు వచ్చి తమాష చూస్తున్నడు. ఇయ్యాల్ల పొద్దుగూకెలోపల నడవాలె. లేకుంటె పాత బోర్డు ఎన్క షెడ్డుల్నే ఉన్నది, గదే పెట్టుకుంట.’’

ఫోను పెట్టేశాక గ్లోరీ లేచి అల్మారా మీద మూలకు పడి ఉన్న చిన్న రిలేల డబ్బాను సంచిలో వేసుకుంది. జబ్బేమిటో చూడకముందే మందు సర్దుకుంటున్నానని ఆమెకు తెలుసు.

నాగరాణితో కలిసి మిల్లుకు చేరేసరికి లారీ డ్రైవర్లు నీడన కూర్చుని పేకాడుతున్నారు. మల్లప్ప ప్యానెల్ వైపు వేలు చూపించాడు. ఆయన పక్కన చేతులు వెనక్కి కట్టుకుని పరశురాములు నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ల సన్నటి మనిషి, అడిగితే తప్ప నోరు విప్పడు. కాస్త అవతల, మల్లప్ప తల్లి గోపమ్మ గోనెసంచి మీద కూర్చుని ఉంది. గ్లోరీ అందరికీ నమస్తే పెట్టి, మీటరు పట్టుకుని మోటారు చూసింది. గుమ్మి దగ్గరి సెన్సార్ చూసింది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. కరెంటు ఆపి ప్యానెల్ తలుపు తెరిచింది.

తెరిచి, అలా నిలబడిపోయింది.

వెనక నుంచి తొంగిచూసిన నాగరాణి కిసుక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండు రిలేలూ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ పసుపు రాసి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టారు. ఏ ఒక్కటీ అలగకుండా, అన్నింటికీ సమానంగా పెట్టారు. కుంకుమ రాలి మొనల మధ్యకు చేరింది. దాని మీద ఊకదుమ్ము పట్టింది. రెండూ కలిసి మొనల మీద పొరకట్టుకున్నాయి.

సంగతి మిల్లు ఆపరేటర్ చెప్పాడు. దసరా నాడు పనిముట్ల పూజలో గోపమ్మ కొడవళ్లకు, కాంటాకు, ట్రాక్టర్‌కు, మిల్లు యంత్రాలన్నింటికీ బొట్టు పెట్టింది. అంతటితో ఆగకుండా, ‘‘గీ బీరువా లోపల పనిచేసేటియి గూడ ఉన్నయంట గదరా, తలుపు తియ్యి’’ అందట. కరెంటు బంద్ చేసి తలుపు తీశాడు. అవ్వ ఓపిగ్గా ఒక్కొక్కదాన్నీ తుడిచి, అలంకరించింది.

గ్లోరీ బ్రష్షుతో, స్పిరిటుతో మొనలన్నీ శుభ్రం చేసింది. గంట పట్టింది. కరెంటు వేసి బటన్ నొక్కగానే మిల్లు కదిలింది. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి, ఎలివేటర్ ఆగలేదు. డ్రైవర్లు పేకలు సర్దేశారు.

మల్లప్ప మొహం వెలిగింది. ఆ వెంటనే తల్లి మీదికి తిరిగింది.

‘‘అమ్మా! నీకెవ్వలు చెప్పిండ్రే గా డబ్బల చెయ్యి పెట్టుమని? మూడొద్దుల సంది మిల్లు ఆగమైంది. ఊర్లె ఇజ్జత్ పాయె!’’

‘‘పని చేస్తయంటె బొట్టు పెట్టిన గదరా’’ అంది గోపమ్మ. పెద్దగా కాదు. కుంకుమ ఇంకా ఉన్నట్టు వేలిని కొంగుకు తుడుచుకుంది.

గ్లోరీ సంచి సర్దుకుని వెళ్లిపోవచ్చు. మిల్లు నడుస్తోంది. తప్పు ఎవరిదో తేలిపోయింది, అది ఆమెది కాదు. పరశురాములు కూడా చూశాడు కాబట్టి ఆ మిల్లు పని కూడా దాదాపు చేతికొచ్చినట్టే. నోరు మూసుకుంటే చాలు. కానీ అవ్వ అలా వేలు తుడుచుకోవడం చూశాక, మూసుకోవడానికి నోరు ఒప్పుకోలేదు.

‘‘సేటూ, అవ్వను అనకు. తప్పు నాది.’’

మల్లప్ప విననట్టు చూశాడు.

‘‘పెద్ద రిలే ఈ పనికి రాదని నాకు ఆరోజే ఎర్క. కుంకుమ లేకున్నా నాలుగు నెలలకో ఆరు నెలలకో ఊకదుమ్ముతోనే ఆగేది. నేను చెప్పలే.’’

‘‘ఎందుకు చెప్పలే?’’

‘‘భయపడ్డ. నువ్వు లేసిపోతవేమో, ఆర్డర్ పోతదేమో అని. నువ్వు బరువు చూసినవు, నీకు తెల్వక చూసినవు. నేను తెలిసి తలకాయ ఊపిన. దసరా ఏటేటా వస్తది సేటూ. అవ్వ ఏటేటా బొట్టు పెడ్తది. ఈ జాగాల పెట్టే రిలే దసరాను తట్టుకోవాలె. తట్టుకోనిదాన్ని పెట్టింది నేను.’’

నాగరాణి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. గ్లోరీ సంచిలోంచి డబ్బా తీసి, ఒక చిన్న రిలేను మల్లప్ప చేతిలో పెట్టింది. ‘‘పదకొండూ మార్చిపోత. ఖర్చు నాదే. లోపల మొనలకు బంగారు పూత ఉంటది, తక్కువ కరెంటుకు గూడ పలుకుతది.’’

మల్లప్పకు అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే పైకీ కిందికీ ఆడింది. ‘‘ఇయ్యాల్ల గూడ బరువు లేదు’’ అన్నాడు, కోపమో నవ్వో తెలియని గొంతుతో.

అప్పుడు గోపమ్మ లేచి వచ్చింది. కొడుకు అరచేతిలోంచి రిలేను తీసుకుని వెలుగుకు పట్టి చూసింది.

‘‘బంగారం ఉన్నదంటున్నది గదరా పిల్ల. బంగారాన్ని తులాలల్ల జోకుతరు గని, గొర్రెలెక్క కిలోలల్ల జోకుతరా?’’

మొదట ఆపరేటర్ నవ్వాడు. తర్వాత డ్రైవర్లు. చివరికి మల్లప్ప కూడా నవ్వక తప్పలేదు. ‘‘మార్చు తల్లీ మార్చు. గీ ముసల్దాని ముంగట నేను గెలుస్తనా’’ అన్నాడు.

మళ్లీ మిల్లు ఆపి, రిలేలు కూర్చునే బేసులతో సహా పదకొండూ మార్చడానికి నాలుగు గంటలు పట్టింది. గ్లోరీ బిగిస్తుంటే నాగరాణి వైర్లు వంచింది. గోపమ్మ ఇద్దరికీ జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి తెచ్చి పక్కన కూర్చుని, ఒక్కో రిలే ఏం పని చేస్తుందో అడిగి తెలుసుకుంది. అంతా అయ్యాక, కరెంటు వేయకముందు గ్లోరీ అంది, ‘‘అవ్వా, ఇప్పుడు పెట్టు బొట్టు. మూత మీద పెట్టు. ఏమైతదో అందరం చూద్దాం.’’

గోపమ్మ కొడుకు వైపు చూసింది. ఆయన తల ఊపాడు. కుంకుమ భరిణె తెచ్చి అద్దంలాంటి మూతల మీద పదకొండు బొట్లు పెట్టింది, ఈసారి కాస్త చిన్నవి. గ్లోరీ తలుపు వేసి కరెంటు ఇచ్చి, బటన్ నొక్కింది. ఎలివేటర్ కదిలింది. షెల్లర్ అందుకుంది. తలుపుకున్న అద్దం మీది ఊకదుమ్ము తుడిచి చూస్తే, రిలేలు టక్‌మన్నప్పుడల్లా ఒక్కోదాంట్లో చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

‘‘చూసినవా బిడ్డా, నేను పెట్టిన బొట్టు చాలలేదని అది లోపల ఇంకోటి పెట్టుకున్నది’’ అంది గోపమ్మ. అని, గ్లోరీ బుగ్గలు రెండూ పట్టుకుని గట్టిగా ఊపింది. ఆ చేతి కుంకుమ గ్లోరీ బుగ్గకు అంటింది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే గ్లోరీ దాన్ని తుడుచుకోవాలని అనుకోలేదు.

రెండు లారీల వడ్లు దిగేదాకా మిల్లు ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ చుట్టూ చూస్తే పరశురాములు లేడు. ఆమె తప్పు ఒప్పుకున్న కాసేపటికే, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడని ఆపరేటర్ చెప్పాడు.

బస్టాండు దాకా నడుస్తుంటే నాగరాణి అంది, ‘‘పాయె. పక్క మిల్లు పాయె. నోరు మూసుకుంటె ఏం పోతుండె నీకు?’’

‘‘ఏం పోతుండెనో నాకు చెప్పొస్తలేదక్కా. కానీ ఇప్పుడు పాణం అల్కగున్నది’’ అంది గ్లోరీ. నిజంగానే తేలిగ్గా ఉంది. అయినా ఆ పని పోయిందనుకుంటే లోపల కలుక్కుమంటూనే ఉంది. రేపటి నుంచి మళ్లీ మిక్సీలే అనుకుంది.

మహబూబ్‌నగర్ బస్సు వచ్చి ఆగేసరికి, వెనక నుంచి ఒక మోటార్‌సైకిల్ హారన్ మోగిస్తూ వచ్చింది. పరశురాములు. బండి దిగి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. దాని నిండా మోటార్ల పేర్లు, హెచ్‌పీలు, పెన్సిలుతో వంకరటింకరగా రాసి ఉన్నాయి.

‘‘ఇంటికి పోయి రాసుకొచ్చిన. జర ఆలస్యమైంది’’ అన్నాడు. ‘‘ఇరవై రెండేండ్ల సంది మిల్లు నడుపుతున్న బిడ్డా. ఏది చెడిపోయినా కరెంటోడు నా మీదికే తోసిండు, కంపెనోడు కరెంటోని మీదికి తోసిండు. గిది నా తప్పు అన్న మనిషిని నేను ఇయ్యాల్లనే చూసిన. నా మిల్లు నీకే అప్పజెప్తున్న. ఏం పెట్టాల్నో నువ్వే చెప్పు. నేను వద్దన్నా సరే, చెప్పు.’’

గ్లోరీ కాగితం అందుకుంది. చదవాలని చూసింది కానీ అక్షరాలు నీళ్లలో తేలాయి. ఏడుస్తూ నవ్వేసింది, నవ్వుతూ ఏడ్చేసింది. నాగరాణి ఆమెను సంచితో సహా కౌగిలించుకుని, నడిరోడ్డు మీద ‘‘ఇగ మిక్సీలు బంద్!’’ అని అరిచింది. కండక్టర్ రెండుసార్లు పిలిచి, విసుగొచ్చి రైట్ అన్నాడు. బస్సు వెళ్లిపోయింది, ఆ సంగతి వాళ్లిద్దరికీ పట్టలేదు.